మూడు సీజన్ల మోకాలు

అనంతపురంలో పాత నూనె మిల్లు ఆవరణలో "ఆటాయువు కేంద్రం" అని బోర్డు పెట్టిన కొత్తలో, అదేదో ఆయుర్వేద వైద్యశాల అనుకున్నారు ఊళ్ళోవాళ్ళు. మోకాళ్ళు పట్టుకుని ఆటోలు దిగిన ముసలివాళ్ళు "తైలముంటే ఇయ్యప్పా" అని గేటు దగ్గర బైఠాయించేవారు. వాళ్ళకు సర్దిచెప్పి పంపడం ఓబులేసు ఉద్యోగంలో సగం. మిగతా సగం, ఫుట్‌బాల్ ఆడే ఆడపిల్లల మోకాళ్ళు వినడం.

వినడమే మరి. మోకాలికి అటూ ఇటూ రెండు పలకలు బిగిస్తారు. ఒక పలక మనిషి చెవికి అందని శబ్దాన్ని లోపలికి పంపుతుంది. రెండోది ఆ శబ్దం ఎముకల మధ్యనుంచి, వాటిని పట్టి ఉంచే నరాల్లాంటి కట్టుల మధ్యనుంచి వచ్చేటప్పుడు ఎంత మారిందో చూస్తుంది. దాన్ని ఓబులేసు చెవికి పట్టేలా మార్చి హెడ్‌ఫోన్‌లో వినిపిస్తుంది. పలకలు సరిగ్గా కుదిరాయని అతను మీట నొక్కగానే, మిషను ఆ అమ్మాయి వయసు, బరువు, ఆడిన ఏళ్ళు కలుపుకుని ఒకే ఒక్క అంకె చెబుతుంది. ఆ మోకాలు ఇంకా ఎన్ని సీజన్లు వృత్తి ఆటను తట్టుకుంటుందో ఆ అంకె. దానికి ఈ అమ్మాయిలు ఆడే లీగ్ వాళ్ళు పెట్టుకున్న పేరు ఆటాయువు.

పేరు బాగుంది. పని మాత్రం సంతలో ఎద్దు పళ్ళు చూసినట్టు ఉండేది.

ఏటా మే నెలలో డ్రాఫ్టు జరిగేది. కొత్త అమ్మాయిల జాబితా ముందు పెట్టుకుని క్లబ్బులు వంతులవారీగా ఎంచుకుంటాయి. కిందటేడు అట్టడుగున ఉన్న జట్టుకు మొదటి వంతు, కప్పు గెలిచిన జట్టుకు చివరి వంతు. ఎంచుకున్న క్లబ్బు తప్ప వేరే క్లబ్బు ఆ అమ్మాయితో మాట్లాడకూడదు. ఆటాయువు ఎంతో, మొదటి ఒప్పందం అన్నేళ్ళు. జట్టు మొత్తం జీతాలకు ఒక గరిష్ఠ పరిమితి ఉంది గనుక, తొమ్మిది, పది అంకెలవాళ్ళకు ఎక్కువ ఇచ్చి, మిగిలిన దాంట్లో మూడు, నాలుగు వాళ్ళతో జట్టు నింపుకునేవారు. క్రమంగా పేర్లు పోయి అంకెలు మిగిలాయి. "ఆ రైట్‌బ్యాక్ ఎవరు?" అంటే "మూడు" అని జవాబు.

ఒక ఏడు మే నెలలో ఒక మధ్యాహ్నం బల్లమీద కాళ్ళు చాపుకుని పడుకున్నది ఓబులేసు సొంత అక్క కూతురు. పేరు కుళ్ళాయమ్మ. గూగూడు కుళ్ళాయిస్వామి పీర్ల పండుగ నాడు పుట్టింది కాబట్టి ఆ పేరు. పొడుగ్గా, బక్కగా, ఎప్పుడూ ఎవరినో వెక్కిరించడానికి సిద్ధంగా ఉండే ముఖం. ఎడమ వింగ్‌లో బంతితో పరుగెత్తితే డిఫెండర్లు చున్నీ జారినట్టు జారిపోయేవారు. ఆమెకు మొదటి బంతి కొనిచ్చిందీ, ఎడమకాలితో తన్నడం నేర్పిందీ ఈ మేనమామే.

ఓబులేసు హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. లోపల శబ్దం మెత్తగా, పచ్చిగా ఉంది. దెబ్బతిన్న కట్టు చిరుగుపట్టిన గుడ్డలా బరబరమంటుంది, ఇది అలా లేదు. ఇంకా గట్టిపడని లేత కట్టు. మంచి మోకాలే అనుకుంటూ అతను మీట నొక్కాడు.

తెరమీద మూడు పడింది.

"ఎంతొచ్చె మామా?" అంది కుళ్ళాయమ్మ.

అతను మళ్ళీ నొక్కాడు. మూడే.

"ఏంటికట్ల గుడ్లు మిటకరిస్తాండావు? పదకొండా?"

"మూడు పాపా."

ఆమె నవ్వింది. మామ నవ్వకపోవడం చూసి ఆపేసింది.

ఓబులేసు తెరమీద వివరాలు ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్ళి పుట్టిన తేదీ దగ్గర ఆగిపోయాడు. జనవరి ఏడు అని ఉంది.

ఆమె పుట్టిన సంవత్సరం పీర్ల పండుగ రెండుసార్లు వచ్చింది. చంద్రుణ్ణిబట్టి నడిచే పండుగ, ఏటా పది పదకొండు రోజులు వెనక్కు జరుగుతుంది. అలా జరిగి జరిగి ఆ ఏడు జనవరి మొదటివారంలో ఒకటి, డిసెంబరు చివరివారంలో ఒకటి పడ్డాయి. కుళ్ళాయమ్మ పుట్టింది రెండోదానికి. ఓబులేసు మర్చిపోయే విషయం కాదది. ఆ నవంబరులోనే రాష్ట్ర జట్టు శిబిరంలో అతని మోకాలు తెగింది. చంకల్లో కర్రలతో అగ్నిగుండం పక్కన నిలబడి ఉంటే, అక్కకు ఆడపిల్ల పుట్టిందని కబురు వచ్చింది. ఇరవైనాలుగేళ్ళకే ఆట ముగిసిపోయిన దుఃఖంలో అతనికి దొరికిన ఒకే ఒక్క సంతోషం ఆ పిల్ల.

బడిలో చేర్పించిందీ అతనే. హెడ్మాస్టరు తేదీ అడిగితే సంవత్సరం చెప్పి, "పీర్ల పండుగ నాడు సార్" అన్నాడు. హెడ్మాస్టరు పాత క్యాలెండరు తిరగేశాడు. మొదటి పేజీలోనే మొహర్రం సెలవు కనబడింది. ఇక డిసెంబరు దాకా తిప్పే ఓపిక ఎవరికుంటుంది? రాసేశాడు. ఓబులేసు చదవకుండా సంతకం పెట్టాడు.

ఏడాది తేడా. ముప్ఫైయేళ్ళ మనిషికైతే లెక్కలోకి రాదు. పద్దెనిమిది నిండి ఎముక చివర్లు ఇంకా మూసుకుంటున్న పిల్లకు అదే సర్వం. ఆమె కట్టు వయసుకు తగ్గట్టే లేతగా ఉంది. మిషను మాత్రం ఇది పంతొమ్మిదేళ్ళ మోకాలు, ఇప్పటికే గట్టిపడి ఉండాల్సింది, గట్టిపడలేదు, కాబట్టి ఇక పడదు అనుకుంది. ఓబులేసు గుట్టుగా తేదీ మార్చి ఒక్కసారి చూశాడు. తొమ్మిది. గబగబా పాత తేదీ పెట్టేశాడు.

ఆ మిషను కనిపెట్టిన డాక్టర్ శేషారత్నం గది పక్కనే. గుంటూరు వైపు మనిషి. నెరిసిన జుట్టు, మెత్తని మాట. ఆటగాళ్ళకు దెబ్బ తగలకముందే తెలిస్తే విశ్రాంతి ఇచ్చి కాపాడుకోవచ్చునని పదకొండేళ్ళు తల బద్దలు కొట్టుకుని ఆ మిషను చేసింది. లీగ్ కొన్నది. విశ్రాంతికి కాకుండా ఒప్పందాలకు వాడింది.

"మేడం, ఎవరికైనా పుట్టిన తేదీ తప్పు పడి ఉంటే ఏం చేస్తారు?" అని అడిగాడు ఓబులేసు, ఎవరి పేరూ చెప్పకుండా.

"ఆరు నెలల్లోపు తేడా అయితే దిద్దుతాం. అంతకు మించితే, ఎక్కువ రాసినా తక్కువ రాసినా, వయసు మోసం కిందకి వస్తుందండీ. లీగ్‌కి రాయాల్సిందే. రెండేళ్ళ నిషేధం. ఇరవై దాటితే డ్రాఫ్టులోకి రానివ్వరు కాబట్టి, ఆ అమ్మాయి కథ అంతటితో సరి." ఆమె కళ్ళద్దాలు తీసి అతన్ని చూసింది. "ఎవరైనా ఉన్నారా?"

"లేదు మేడం. ఊరికే."

ఆ ఆదివారం రాయదుర్గంలో అక్క ఇంట్లో ముగ్గురూ కూర్చున్నారు. అక్క గంగులమ్మ బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. తమ్ముడు చెప్పినదంతా విని, "నా బిడ్డ ఎప్పుడు పుట్టిందో నాకు తెల్దా? ఆ మిషనుకేం తెలుసు?" అని అరిచి, తర్వాత నీరుగారిపోయింది.

కుళ్ళాయమ్మ మాత్రం నిబంధనల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చదువుతోంది. ఆటలోనే కాదు, ఇందులోనూ చురుకు.

"ఇట్ల సూడు మామా. ఒప్పందం మూడేండ్లు. అది పూర్తి చేసినోళ్ళు స్వేచ్ఛా క్రీడాకారులంట. మళ్ళా కొత్తగా మోకాలు చూపించుకోవచ్చు, ఇష్టమొచ్చిన క్లబ్బుతో మాట్లాడుకోవచ్చు. అప్పటికి నాకు ఇరవైయొకటి, కట్టు గట్టిపడింటాది. ఏడాది అటూ ఇటూ ఉన్నా మిషను సరిగ్గానే చెప్తాది కదా?"

"చెప్తుంది. కానీ పాపా, మధ్యలో మోకాలు పోతే?"

"పోతే మళ్ళా చూపించుకునేకి లేదు, అంకె నిజమైనట్టే అని రాసినారు. యాడ పోతాది? నువ్వే అంటివి కదా తొమ్మిదని. మూడేండ్లు ఓర్చుకుంటే చాలు."

తనే చేసిన తప్పును తన నోటితో లీగ్ ముందు బయటపెట్టాల్సిన అవసరం తప్పిపోయినందుకు ఓబులేసుకు ఆ క్షణాన కొంత ఊరట కలిగింది. ఆ ఊరటకు తర్వాత చాలాసార్లు సిగ్గుపడ్డాడు.

డ్రాఫ్టులో ఆమెను ఆఖరి వంతులో బందరు డాల్ఫిన్స్ తీసుకుంది. వాళ్ళ జట్టులో తొమ్మిదులు ఇద్దరు, పది ఒకరు. వాళ్ళకు మూడు ఆటలకొక ఆట విశ్రాంతి, ఐస్ టబ్బులు, ప్రత్యేకంగా ఫిజియోలు. కుళ్ళాయమ్మ ఒప్పందంలో ఒక వాక్యం ఉంది. అందుబాటులో లేని ప్రతి మ్యాచ్‌కూ సంజాయిషీ ఇచ్చుకోవాలి, సీజన్‌లో నాలుగు దాటితే ఒప్పందం రద్దు. రద్దయితే స్వేచ్ఛా లేదు, మళ్ళీ చూపించుకోవడమూ లేదు.

మొదటి సీజన్‌లో ముప్ఫైరెండు మ్యాచ్‌లు ఆడింది. లీగ్‌లో ఉన్నవే ముప్ఫైరెండు. పదకొండు గోల్స్ కొట్టింది. టీవీలో కనబడినప్పుడల్లా గంగులమ్మ వీధంతా పిలిచేది. రెండో సీజన్‌లో ముప్ఫైఒకటి. ఫోన్‌లో ఎప్పుడడిగినా "బాగుండా మామా" అనేది. ఆటకు ముందు సూది వేస్తారని, వేశాక ఏమీ తెలియదని ఒకసారి మాటల్లో జారింది. ఏం సూది అని అడిగితే మాట మార్చింది.

ఆ రోజుల్లోనే ఓబులేసుకు ఒక సంగతి తట్టింది. కేంద్రంలో ఆట మానేసినవాళ్ళ మోకాళ్ళు కూడా ఒకసారి విని, చెప్పిన అంకెతో సరిచూసేవారు. మూడు అన్నవాళ్ళు మూడో ఏటే ఆట వదిలేవారు, తొమ్మిది అన్నవాళ్ళు తొమ్మిదిదాకా నిలిచేవారు. నూటికి తొంభై నాలుగు సరిపోయేవి. లీగ్ వాళ్ళు ఆ మాట గొప్పగా చెప్పుకునేవారు. అయితే మూడు అంకెవాళ్ళలో నలుగురు మొదటి ఏడాదే పెళ్ళిళ్ళయి, పిల్లలు పుట్టి ఆట వదిలేశారు. ఆ నలుగురి మోకాళ్ళూ అతను తన చెవులతో విన్నాడు. ఏ ఒక్కదానికీ మచ్చ లేదు. మళ్ళీ అంకె వేస్తే ఏడు, ఎనిమిది వస్తున్నాయి.

ఆ కాగితాలు పట్టుకుని శేషారత్నం గదిలోకి వెళ్ళాడు. ఆమె చూసి పక్కన పెట్టింది.

"కూర్చోండి ఓబులేసు గారూ. నేను రెండేళ్ళ కిందటే చూశాను ఇది."

"అంటే మన మిషను తప్పు చెప్తుందా మేడం?"

"మొదట్లో తప్పే చెప్పేది. పదింట నాలుగు తప్పు. తర్వాత క్లబ్బులు ఆ అంకెను నమ్మి వాడటం మొదలుపెట్టాయి. మూడేళ్ళే ఉంటుందన్న మోకాలికి విశ్రాంతి దండగ అనుకుని మూడేళ్ళలో అరగదీశాయి. తొమ్మిదేళ్ళు ఉంటుందన్నదాన్ని పువ్వుల్లో పెట్టుకున్నాయి. అంకె నిజమవుతూ వచ్చింది. ఆ ఫలితాలే మళ్ళీ మిషనుకు నేర్పాం." ఆమె కాగితాలు అతనివైపు జరిపింది. "నేను మోకాళ్ళను కొలుస్తున్నాననుకున్నానండీ. క్లబ్బులు ఎవర్ని ఎంత వాడుకుంటాయో కొలుస్తున్నాను."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"చెప్పాను. నూటికి తొంభై నాలుగు సరిగ్గా చెప్పే మిషనుకు ఏం రోగం అన్నారు."

ఓబులేసుకు కోపం వచ్చింది. ఎవరిమీద అని ఆలోచిస్తే మొదట తన ముఖమే కనబడింది. మూడు అనే మాట ఆ పిల్ల నుదుట రాయించింది తను చదవని ఒక కాగితం.

మూడో సీజన్ మధ్యలో డాల్ఫిన్స్ అనంతపురం వచ్చారు. మ్యాచ్ మర్నాడు పొద్దున ఓబులేసు కేంద్రంలోని చిన్న చేతిమిషను సంచిలో పెట్టుకుని వాళ్ళు దిగిన హోటలుకు పోయాడు. కుళ్ళాయమ్మ మంచంమీద కూర్చుని ఉంది. కాలు కింద దిండు. మనిషి చిక్కిపోయింది. మామను చూసి ఎప్పటిలాగే, "ఏం మామా, తైలం తెచ్చినావా?" అంది.

అతను పలకలు బిగించాడు. చెవుల్లో బరబరమని శబ్దం. తెగే ముందు తన మోకాలు ఎలా ఉండి ఉంటుందో ఇప్పుడు తెలిసింది. కట్టులో మూడోవంతు మిగిలి ఉంది. అది ఆరు నెలలు కదలకుండా ఉంటే అతుక్కుంటుంది. ఇలాగే ఆడితే ఏదో ఒక మలుపులో తెగుతుంది, దాంతోపాటు ఎముకల మధ్యనున్న మెత్తటి పొర కూడా చిరిగిపోతుంది. తర్వాత జీవితాంతం కర్రే.

"ఆపేయి పాపా," అన్నాడు.

"ఇంగ పదకొండు మ్యాచ్‌లు మామా. పదకొండే."

"నాలుగు కూడా ఆగదు ఇది."

"ఆపితే ఏమయితాది? ఒప్పందం పోతాది. మూడు అన్న మిషను మాటే నిజమని రాస్తారు. తొమ్మిది ఉండాదని తెలిసి కూడా నేను మూడుగా చావల్లా? ఇంత దూరం వచ్చి?" ఆమె అతని చెయ్యి పట్టుకుంది. "నువ్వే నేర్పినావు కదా, బంతి గీత దాటేదాకా పరుగు ఆపగూడదని. పదకొండు ఆడినాక చూడు, నీ మిషన్లోనే తొమ్మిది చూపిస్తా."

ఆమె కళ్ళల్లో ఆశ చూసి అతను బెంబేలెత్తిపోయాడు. ఆ వయసులో తనకూ అంతే ఆశ ఉండేది.

కేంద్రానికి వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. వెతికి వెతికి చూస్తే ఆమెను మైదానం నుంచి బయటికి లాగడానికి ఒక్కటే దారి ఉంది. క్లబ్బు ఆపదు, వాళ్ళ డాక్టరు ఆపడు, ఆమె ఆగదు. లీగ్ ఆపుతుంది, వయసు మోసమైతే ఆ రోజునుంచే ఆపుతుంది. తర్వాత ఆమెకు ఏ డ్రాఫ్టూ ఉండదు, ఏ క్లబ్బూ ఉండదు. అది తెలిసే రాశాడు. పీర్ల పండుగ రెండుసార్లు వచ్చిన సంగతి, హెడ్మాస్టరు క్యాలెండరు, తన సంతకం, టీకాల కార్డులో ఉన్న డిసెంబరు తేదీ, అన్నీ రాశాడు. తప్పు పూర్తిగా తనదని, అమ్మాయికి ఏమీ తెలియదని ఒక అబద్ధం కూడా చేర్చాడు. మూడుసార్లు చదివాడు. ఈసారి చదవకుండా సంతకం పెట్టే ధైర్యం లేకపోయింది. పంపించాడు.

నాలుగో రోజున నిషేధం వచ్చింది. ఒప్పందం రద్దయింది. ఓబులేసును ఉద్యోగం నుంచి తీసేశారు, అది అతను లెక్కలోకి తీసుకోలేదు.

కేంద్రంలో సామాన్లు సర్దుకుంటుంటే కుళ్ళాయమ్మ వచ్చింది. బందరు నుంచి నేరుగా వచ్చినట్టుంది, భుజాన బ్యాగు ఉంది. ఏడుస్తుందని, తిడుతుందని అతను ఎదురుచూశాడు. ఆమె మాత్రం తెరవైపు చూస్తూ నిలబడింది. ఆమె పేరు పక్కన చెప్పిన సీజన్లు మూడు, ఆడిన సీజన్లు మూడు, సరిపోయింది అని ఉంది. మధ్యలో ఎందుకు ఆగిపోయిందో రాసే గడి మిషనులో లేదు.

"మూడన్నారు. మూడే అయింది సూడు మామా," అంది. "క్లబ్బోళ్ళు చేయలేకపోయినారు. నువ్వు చేసినావు."

"నీ కాలు పోతుందని..."

"నా కాలే కదా మామా. నన్నొక మాట అడగాల్సింది."

అడిగితే ఒప్పుకోదని తెలిసే అతను అడగలేదు. ఆమె వెళ్ళిపోయింది. ఆ తర్వాత అతను ఫోన్ చేస్తే ఎత్తలేదు.

ఎనిమిది నెలలు గడిచాక, ఉండబట్టలేక రాయదుర్గం పోయాడు. గంగులమ్మ తమ్ముణ్ణి చూసి లోపలికి రమ్మంది. మంచినీళ్ళు ఇచ్చింది. కుళ్ళాయమ్మ ఇంట్లో లేదు.

"కాలెట్లుందక్కా?" అని అడిగాడు.

"బాగా అతుక్కునిందంట. పెద్దాసుపత్రిలో చూపిస్తే ఏం లోపం లేదన్నారు."

అతనికి ప్రాణం లేచి వచ్చింది. "ఆడుతోందా? ఊరికే, పిల్లలతోనైనా?"

"బంతి ముట్టలేదు నాయనా. జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్‌లో చేరింది." గంగులమ్మ ఖాళీ గ్లాసు అందుకుంటూ అంది. "పొద్దన్నుంచి సాయంత్రం దాకా కూర్చుని చేసే పనేనంట. మోకాలికి ఏం శ్రమ లేదంట."